మీకు తెలుసా? గడువు తరిమితే పుట్టిన నవలలు

నవల అంటే ఏళ్ల తపస్సు అనుకుంటాం. చాలా నవలల విషయంలో అది నిజమే. కానీ ప్రపంచం ఈనాటికీ చదువుకుంటున్న కొన్ని మంచి నవలలు నెలా నెలన్నర లోపే కాగితం మీదికి వచ్చేశాయి. కొన్నింటిని అప్పులు రాయించాయి, కొన్నింటిని పత్రికలు, ఇంకొన్నింటిని పోటీ ఆఖరు తేదీ. ఆ ఒత్తిడిలో ఆ రచయితలు రోజు ఎలా గడిపారు, ఎక్కడ ఆగారు, ఎలా గట్టెక్కారు అని చూస్తే, ఎప్పటికైనా ఒక నవల రాయాలని మనసులో పెట్టుకున్నవారికి పనికొచ్చే సంగతులు చాలా దొరుకుతాయి.

పోలీసు రసీదుతో గట్టెక్కిన నవల

రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ ‘జూదరి’ నవలను 26 రోజుల్లో పూర్తిచేశారు. 1864లో అన్నగారు మిహాయిల్ చనిపోవడంతో ఆయన నడిపిన పత్రిక తాలూకు అప్పులన్నీ దోస్తోయెవ్‌స్కీ నెత్తిన పడ్డాయి. మరుసటి ఏడాది స్తెల్లోవ్‌స్కీ అనే ప్రచురణకర్త 3,000 రూబుళ్లు ఇచ్చి ఒప్పందం రాయించుకున్నాడు. 1866 నవంబరు 1 నాటికి కొత్త నవల చేతికివ్వాలి. గడువు తప్పితే తొమ్మిదేళ్లపాటు దోస్తోయెవ్‌స్కీ రచనలన్నీ పైసా ఇవ్వకుండా అచ్చేసుకునే హక్కు స్తెల్లోవ్‌స్కీది. ఆ ఏడాదంతా ‘నేరము-శిక్ష’ను పత్రికకు భాగాలుగా రాసి ఇవ్వడంలోనే గడిచిపోయింది. అక్టోబరు వచ్చేసరికి ఒప్పందపు నవలలో ఒక్క వాక్యం కూడా పుట్టలేదు.

తలా ఒక అధ్యాయం రాసిస్తామని స్నేహితులు ముందుకొచ్చారు. ఇంకొకరు రాసినదాని కింద తన పేరు పెట్టుకోనన్నారాయన. అప్పుడొక స్నేహితుడు షార్ట్‌హ్యాండ్ వచ్చినవారిని పెట్టుకోమని సలహా ఇచ్చారు. అలా అక్టోబరు 4న అన్నా గ్రిగోర్యెవ్నా అనే 20 ఏళ్ల అమ్మాయి పీటర్స్‌బర్గ్‌లోని ఆయన ఇంటి తలుపు తట్టింది. మొదటి రోజు ఆయన చిరాకుగా ఉన్నారు. చెప్పి రాయించడం అలవాటు లేదు, మాటలు సాగలేదు. రెండు మూడు రోజుల్లో పని గాడిన పడింది. రాత్రి ఆయన మర్నాటికి కావలసింది ముక్కలు ముక్కలుగా రాసిపెట్టుకునేవారు. మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు చెప్పేవారు. ఆమె ఇంటికి తీసుకెళ్లి మామూలు లిపిలో సాపు రాసి మర్నాడు తెచ్చేది. పేజీలు పెరుగుతున్నకొద్దీ ఆయనకు ధైర్యం పెరిగిందని ఆమె తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

అక్టోబరు 29న చెప్పడం ముగిసింది. నవంబరు 1న వెళ్తే స్తెల్లోవ్‌స్కీ ఊళ్లో లేడు, అతని ఆఫీసులో తీసుకోబోమన్నారు. ఇలాంటిదేదో జరుగుతుందని ముందే ఊహించి అన్నా, ఆమె తల్లి వకీలును సంప్రదించి ఉంచారు. ఆ సలహా ప్రకారం రాతప్రతిని పోలీసు అధికారికి అప్పగించి, తేదీ వేయించి రసీదు తీసుకున్నారు. అప్పటికి రాత్రి పది కావస్తోంది. ఇంకో రెండు గంటలు దాటితే తొమ్మిదేళ్ల కష్టం పరులపాలయ్యేది.

ఆ 26 రోజుల వెనక మూడేళ్లున్నాయి

26 రోజుల సంగతి అందరూ చెప్పుకుంటారు. దాని వెనక ఉన్న 1863ను తలచుకునేవారు తక్కువ. విదేశంలో రూలెట్ బల్ల దగ్గర సర్వం పోగొట్టుకునే ఒక రష్యన్ యువకుడి కథ రాయాలని ఉందని దోస్తోయెవ్‌స్కీ ఆ ఏడాదే రోమ్ నుంచి స్నేహితుడికి ఉత్తరం రాశారు. జూదం ఆయనకు విని తెలిసిన సంగతి కాదు. ఆ బల్లల దగ్గర తన డబ్బు పోగొట్టుకున్న మనిషి. కాబట్టి 1866 అక్టోబరులో ఆయన కథ కోసం వెతుక్కోలేదు, లోపల ఉన్నదాన్ని బయటికి తోడారు. గడువు పక్కన నిలబడి తొందరపెడుతుంది. బావిలో నీళ్లు మాత్రం ముందే ఊరి ఉండాలి.

మూడు రోజుల నవల

అగాథా క్రిస్టీ పేరు చెప్పగానే హత్యలు, డిటెక్టివ్‌లు గుర్తొస్తారు. ఆమె మేరీ వెస్ట్‌మకాట్ అనే మారుపేరుతో వేరే తరహా నవలలు కూడా రాశారు. వాటిలో 1944లో వచ్చిన ‘ఆబ్సెంట్ ఇన్ ది స్ప్రింగ్’ను మూడు రోజుల్లో పూర్తిచేశారు. ఎడారిలో ఒక రైల్వే విశ్రాంతిగృహంలో ఒంటరిగా చిక్కుకుపోయి తన జీవితాన్ని తానే కొత్తగా చూసుకునే స్త్రీ కథ అది. ఇక్కడ తేదీ పెట్టినవారు లేరు. ఆపితే కథ చేజారిపోతుందన్న భయమే గడువైంది. యుద్ధకాలంలో లండన్ ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేస్తున్న ఆమె, మూడో రోజు రాలేనని కబురు పంపి రాత ముగించారు. తర్వాత దాదాపు ఒక రోజంతా నిద్రపోయారు.

మొదటి అధ్యాయం అవగానే ఆమె రాసింది చివరి అధ్యాయం. ఎక్కడికి చేరాలో తెలుసు గనక దాన్ని ముందే కాగితం మీద పెట్టేసుకున్నారు. ఆ కథ అప్పటికి ఆరేడేళ్లుగా మనసులో నలుగుతోందని ఆత్మకథలో చెప్పారు.

బల్ల మీద గడియారం

ఇంగ్లండ్‌లో రోడ్ల పక్క నిలువు పోస్టు డబ్బా రావడానికి కారకుల్లో ఒకరైన ఆంథొనీ ట్రాలప్ 47 నవలలు రాశారు. ఆయన తపాలా శాఖలో ఉద్యోగి. తెల్లవారుజామున అయిదున్నరకల్లా రాత బల్ల దగ్గర ఉండేవారు. ఆ వేళకు కాఫీ తెచ్చి లేపినందుకు ముసలి పనివాడికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవారు. మొదటి అరగంట నిన్నటి పేజీలు చదువుకోవడం. ఆ తర్వాత ఎదురుగా గడియారం పెట్టుకొని పావుగంటకు 250 మాటల లెక్కన రాత. ఆఫీసుకు తయారయ్యే వేళకు ఆ రోజు పని అయిపోయేది. ఏ రోజు ఎన్ని పేజీలయ్యాయో డైరీలో రాసుకునేవారు. రాయని రోజు ఆ గడి ఖాళీగా కనిపించేది.

ఆ తొలి అరగంట చాలామంది గమనించరు గానీ అసలు కీలకం అదే. నిన్నటి గొంతు చెవిలో పడ్డాకే ఇవాళ్టి వాక్యం అదే గొంతులో వస్తుంది.

మన ‘వేయిపడగలు’

విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీకి వెళ్లిన నవల. 1934 నాటి ఆ బహుమతిని అడవి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి పంచుకుంది. అంత పెద్ద నవలను విశ్వనాథ 29 రోజుల్లో ముగించారని సాహిత్యలోకంలో ప్రసిద్ధి. ఆశువుగా చెబుతూ పక్కవారిచేత రాయించడం ఆయనకు అలవాటు. చేతికి మనసు వేగం అందదని తెలిసిన రచయితకు పక్కన కూర్చొని రాసేవారు పెద్ద బలం. పీటర్స్‌బర్గ్‌లో దోస్తోయెవ్‌స్కీకి దక్కిందీ అదే.

సుబ్బన్నపేట కోటా, గుడీ, కరిగిపోతున్న పాత పల్లె బతుకూ విశ్వనాథ పోటీ కోసం కల్పించుకున్నవి కావు. కృష్ణా జిల్లా నందమూరులో, తండ్రి శోభనాద్రి గారి చేయి పట్టుకొని తిరిగిన రోజుల నుంచి ఆయన లోపల నిలవ ఉన్నవి. ఆ లోకాన్ని 29 రోజుల్లో తలచుకోవచ్చేమో, 29 రోజుల్లో సంపాదించలేం.

బట్టలు బీరువాలో, తాళం బయట

1830లో ‘నోత్రదామ్’ నవల గడువు మీద పడ్డప్పుడు విక్టర్ హ్యూగో ఒక సీసా సిరా, మెడ నుంచి కాళ్లదాకా కప్పే ముతక ఊలు వస్త్రం కొనుక్కొన్నారు. బయటికెళ్లే బట్టలన్నీ లోపల పెట్టించి తాళం వేయించారు. బట్టలు లేవు గనక బయటికి వెళ్లే మాటే లేదు. ఆ సీసాలో సిరా అయిపోవడం, 1831 జనవరిలో నవల ముగియడం ఒకేసారి జరిగాయని ఆయన భార్య రాసిన జీవితచరిత్ర చెబుతుంది. ఈనాటి మన గదిలో తాళం పడవలసింది ఫోన్‌కు. పక్కగదిలో బీరువాలో పెట్టి, తాళంచెవి ఇంట్లోవాళ్లకిచ్చి చూడండి.

నాలుగు వారాలు తలుపు వేసుకొని

కజువో ఇషిగురో ‘ది రిమెయిన్స్ ఆఫ్ ది డే’ నవలకు 1989లో బుకర్ వచ్చింది, 2017లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1987 వేసవిలో ఆ నవల ముందుకు సాగడం లేదు. పిలుపులూ, ఊరి పనులూ సమయాన్ని తినేస్తున్నాయి. అప్పుడు ఆయన, భార్య లోర్నా కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. నాలుగు వారాలపాటు సోమవారం నుంచి శనివారం దాకా, ఉదయం 9 నుంచి రాత్రి 10:30 వరకు రాత తప్ప మరో పని లేదు. మధ్యాహ్న భోజనానికి గంట, రాత్రి భోజనానికి రెండు గంటలు. ఉత్తరాలు చూడరు, ఫోన్ ఎత్తరు, ఇంటికి ఎవరూ రారు. వంటలో, ఇంటి పనిలో ఆయన వంతు కూడా లోర్నాయే చేశారు.

ఆ రోజుల్లో ఆయన వాక్యం బాగుందా లేదా అని చూడలేదు. పొద్దున రాసిన సంగతికీ సాయంత్రం రాసినదానికీ పొంతన కుదరకపోయినా ఆగలేదు. నాలుగు వారాలయ్యేసరికి నవల దాదాపుగా చేతిలో ఉంది, సరిగ్గా రాసుకోవడం మిగిలింది. అంతకుముందే ఆయన బట్లర్ల గురించీ, ఆ కాలపు ఇంగ్లండ్ గురించీ చదవాల్సిందంతా చదివి ఉంచుకున్నారు. ఇంకో మాట. ఆ నెల రోజులూ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషిని మరిచిపోకూడదు. గడువులో పుట్టిన ప్రతి నవల వెనకా ఇంటి పని మోసినవారొకరుంటారు. మీరు రాయడానికి కూర్చునే ముందు ఇంట్లో ఆ మాట మాట్లాడుకోవడం న్యాయం.

ఎర్ర సున్నాలు

ఇది నా అనుభవం. ఒకసారి పత్రిక పోటీకి నవల రాయడానికి కూర్చున్నాను. 40 రోజులు, రోజుకు 5 అరఠావులు, మొత్తం 200 అని లెక్క వేసుకున్నాను. పదకొండో రోజున కథలో ఒక ముసలాయన తెల్లవారుజామున నిడదవోలు స్టేషన్లో దిగాలి. ఆ రోజుల్లో ఆ రైలు ఎన్నింటికి వచ్చేది? వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. మూడో సాయంత్రం ఆ చోట ఖాళీ వదిలి, ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి, ముందుకెళ్లిపోయాను. ముసలాయన కూతురింటి గుమ్మం ముందు చెప్పులు విప్పి, తలుపు కొట్టాలా వద్దా అని నిలబడిపోయే దృశ్యం ఆ రాత్రే వచ్చింది. నవల మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పేజీ అదే.

ముగించేసరికి అలాంటి సున్నాలు 23 తేలాయి. అన్నీ పూరించడానికి ఒక్క ఆదివారం సరిపోయింది. రైలు వేళ అక్కర్లేకుండానే పోయింది, ‘ఇంకా చీకటి విడలేదు’ అన్న మాటతో పని జరిగింది. తెలియని చోట ఆగిపోతే కథ చల్లారిపోతుంది. గుర్తు పెట్టుకొని దాటెయ్యాలి, తప్పకుండా తిరిగి రావాలి.

తొమ్మిది డాలర్ల ఎనభై సెంట్లు

రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ పుస్తకాలను తగలబెట్టే లోకం గురించి. దాని తొలి రూపాన్ని రాసింది మాత్రం లైబ్రరీలోనే. ఇంట్లో చిన్న పిల్లలు, అద్దె గదికి డబ్బు లేదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లైబ్రరీ కింది అంతస్తులో అరగంటకు 10 సెంట్లు వేస్తే పనిచేసే టైప్‌రైటర్లు దొరికాయి. తొమ్మిది రోజుల్లో ఆయన ఖర్చు 9 డాలర్ల 80 సెంట్లు. లెక్క కడితే 49 గంటలు. నాణెం వేసిన క్షణం నుంచి ప్రతి నిమిషం తన జేబులోంచి పోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం కుదరదు. ఆ చిన్న రూపం 1951లో పత్రికలో వచ్చింది. దాన్ని పెంచి, 1953లో నవలగా వేశారు.

‘సశేషం’ చెప్పే రహస్యం

తెలుగు నవల పుట్టుకే గడువులతో ముడిపడి ఉంది. కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకం కాకముందు 1878 నుంచి ‘వివేకవర్ధని’లో భాగాలుగా వచ్చింది. తర్వాత న్యాపతి సుబ్బారావు పంతులు ‘చింతామణి’ పత్రిక నవలల పోటీలు పెట్టి చిలకమర్తి వంటివారిని ముందుకు తెచ్చింది. ఆ పైన వారపత్రికల సీరియళ్ల కాలం. చివరి పేరా కింద ‘సశేషం’ అన్న మాట చూసి వచ్చేవారం కోసం ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో.

నెలనెలా భాగాలు రాసిన చార్లెస్ డికెన్స్ దీనికొక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి భాగానికీ ఒక కాగితాన్ని రెండుగా విడదీసి, ఎడమవైపు ‘ఈ మనిషిని ఇప్పుడే తేవాలా?’ లాంటి ప్రశ్నలూ ఆలోచనలూ, కుడివైపు అధ్యాయాల పేర్లూ వాటిలో ఏం జరగాలో రాసుకునేవారు. ఆ కాగితాల్లో చాలా ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మొత్తం దారి తెలియకపోయినా ఫర్వాలేదు, ఈ భాగం దారి తెలిస్తే ఇవాళ్టికి చాలు.

ఆ డికెన్స్ కూడా ఒకసారి గడువు వదిలేశారు. 1837 మేలో భార్య చెల్లెలు మేరీ 17 ఏళ్లకే ఆయన కళ్లెదుట చనిపోయింది. ఆ జూన్‌లో ఆయన రాస్తున్న రెండు సీరియళ్లూ రాలేదు. తర్వాతి నెల మళ్లీ మొదలయ్యాయి, పాఠకులు వదిలిపోలేదు. బతుకులో అంత పెద్ద దెబ్బ తగిలినప్పుడు కలం పక్కన పెట్టడం తప్పు కాదు.

రోజుకు 1,667 మాటలు

1999 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ, మరికొందరు కలిపి 21 మంది ఒకే నెలలో తలా ఒక నవల రాద్దామని కూర్చున్నారు. అలా మొదలైన ‘నానోరైమో’ మరుసటి ఏడాది నుంచి ప్రతి నవంబరూ జరిగే రాత పండుగగా దేశదేశాలకు పాకింది. 30 రోజుల్లో 50,000 మాటలు, అంటే రోజుకు 1,667. ఆ సంస్థ 2025లో మూతపడింది. లెక్క మాత్రం రాసేవాళ్ల నోట నిలిచిపోయింది.

తెలుగువాళ్లు ఆ అంకెను ఉన్నదున్నట్టు పెట్టుకోనక్కర్లేదు. ‘ఇంట్లోంచి’, ‘రాలేకపోయాడు’ అని మనం ఒక్క మాటలో చెప్పేదానికి ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలు కావాలి. అదే కథ తెలుగులో తక్కువ మాటల్లో నడుస్తుంది. అందుకని మాటలు లెక్కపెట్టి నిరాశపడేకన్నా పేజీల లెక్క పెట్టుకోవడం మంచిది. రోజుకు 4 పేజీలైతే 45 రోజుల్లో 180. వారానికొక రోజు పెళ్లికో జ్వరానికో పోతుందని ముందే తీసేసుకుంటే, మిగిలిన రోజుల మీద నమ్మకం నిలబడుతుంది.

120 అడుగుల కాగితం, ఆరేళ్ల నిరీక్షణ

జాక్ కెరువాక్ 1951 ఏప్రిల్‌లో కాగితాలు ఒకదానికొకటి అతికించి, దాదాపు 120 అడుగుల చుట్ట చేసి టైప్‌రైటర్‌లోకి ఎక్కించారు. కాగితం మార్చడానికి కూడా ఆగకుండా మూడు వారాల్లో ‘ఆన్ ది రోడ్’ కొట్టేశారు. ఆ చుట్టకు ముందు ఏళ్ల తరబడి నింపిన నోట్‌బుక్కులున్నాయి. దాని తర్వాత దిద్దుబాట్లున్నాయి, ప్రచురణకర్తల తిరస్కారాలున్నాయి. పుస్తకం బయటికొచ్చింది 1957లో. ఎరిన్ మోర్గన్‌స్టెర్న్ ‘ది నైట్ సర్కస్’ కూడా నవంబరు రాతల్లోంచి వచ్చిందే. ఒక్క నవంబరుతో అయిపోలేదు. ఎన్నోసార్లు తిరగరాశాక 2011లో అచ్చయింది.

మూడు వారాల్లో వచ్చింది చిత్తుప్రతి. దాన్ని నవల చేయడానికి వేరే ఓపిక కావాలి. పోటీకి రాసేవారు ఆఖరు తేదీకి పది రోజుల ముందే కథ ముగించుకోవాలనేది అందుకే. మూడు రోజులు దాని ముఖం చూడకుండా పక్కన పెట్టి, మిగిలిన వారం పైకి చదువుకుంటూ దిద్దుకోవాలి. కంటికి కనబడని తప్పు చెవికి దొరుకుతుంది.

గడువు పోయింది, అలవాటు మిగిలింది

రసీదు పుచ్చుకున్న మూడున్నర నెలలకు, 1867 ఫిబ్రవరి 15న దోస్తోయెవ్‌స్కీ, అన్నా పెళ్లి చేసుకున్నారు. అలాంటి ఒప్పందం ఆయన మళ్లీ ఎన్నడూ చేసుకోలేదు. కానీ ఆ 26 రోజుల్లో కుదిరిన పద్ధతి ఇంట్లో నిలిచిపోయింది. రాత్రి ఆయన ఒంటరిగా కూర్చొని ముక్కలు ముక్కలుగా రాసుకోవడం, మర్నాడు ఆమెకు చెప్పడం, ఆమె సాపు రాయడం. ఆయన ఆఖరి నవల ‘కరమజోవ్ సోదరులు’ కూడా అలాగే, దాదాపు మూడేళ్లపాటు, రోజూ కొన్ని పేజీలుగా పెరిగింది. 1880లో అది పూర్తయ్యాక ఆయన దాన్ని అన్నా గ్రిగోర్యెవ్నాకే అంకితమిచ్చారు.